వంశావళి పత్రమున కెక్కని వ్యాధి

హైదరాబాదు నగరము ఉత్తరదిశకు పెరిగి పెరిగి దుండిగల్ పొలిమేరను ముట్టినది. నిన్న మొన్నటివరకు పొలములుగా నుండిన బౌరంపేట్ నేడు ఔటర్ రింగు రోడ్డు సమీపమున, ఎత్తైన ప్రహరీగోడలును వరుసలుగా విల్లాలును గల నివాసస్థానమైనది. ఆ వీథులలో నడచువానికి వాకిళ్లయందు తరచుగా ఒక పలక కనబడును: "కుక్క ఉన్నది, జాగ్రత్త." ఆ పలక వెనుక నున్నది ఊరకుక్క కాదు. జర్మన్ షెపర్డో, లాబ్రడారో, గ్రేట్ డేనో, వేలకు వేలు పోసి కొన్న శుద్ధజాతి శునకము. దానికి కాగితము లుండును. ఆ కాగితములయందు దాని తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు, వారు ప్రదర్శనలలో గెలిచిన బిరుదములు వరుసగా అచ్చుపడి యుండును. మనలో తన ముత్తాత తండ్రి పేరు తడుముకొనక చెప్పగలవా రెందరు? కుక్కకు మాత్రము వంశావళి కలదు.

ఆ వంశావళిలో ఏమి వ్రాయబడినది, ఏమి వ్రాయబడలేదు అనునదే ఈ వ్యాసమునకు విషయము.

బౌరంపేట్‌లో నివసించు మా మిత్రు డొకడు గ్రేట్ డేన్ పిల్లను రెండు మాసముల ప్రాయమున కొని తెచ్చి బిడ్డవలె పెంచెను. మూడేండ్లు గడచినవి. ఒకనాడు అది అన్నము ముట్టలేదు, వాంతి చేసికొనెను, కాళ్లు వణకెను. సమీప వైద్యశాలలో రెండు దినములు సెలైను ఎక్కించిరి. లేచి కూర్చుండెను. ఏదో పడరానిది తినియుండునని అందరును తలచిరి. నెల తిరుగకుండ మరల అదే వరుస. ఈసారి పిడుదుల జ్వరమనిరి. మందు లిచ్చిరి, కొంత తేరుకొనెను, మరల చిక్కిపోయెను. మూడవసారి రక్తపరీక్ష చూచి మూత్రపిండములు చెడినవని, ఆశ వదలుకొనవలసినదేనని చెప్పిరి. అంతలో దీపావళి వచ్చెను. ఆ రాత్రి వీథియంతయు టపాకాయల మ్రోతతో దద్దరిల్లుచుండగా ఆ మహాకాయము నట్టింట కూలబడెను.

అర్ధరాత్రమున వేరొక వైద్యశాలకు తీసికొనిపోయిరి. అచ్చటి యువవైద్యుడు నాడి పట్టి చూచి ఆశ్చర్యపడెను. ఇంత నీరసించి, రక్తపుపోటు పడిపోయిన జంతువునకు గుండె వేగముగా కొట్టుకొనవలెను. దీని గుండె మెల్లగా కొట్టుకొనుచున్నది. వెంటనే రక్తమునందలి లవణములను పరీక్షించెను. సోడియము మిక్కిలి తగ్గియున్నది. పొటాషియము మిక్కిలి పెరిగియున్నది. మరునాడు మరియొక పరీక్ష జరిపి, ఇది మూత్రపిండముల రోగము కాదు, వాని పైభాగమున నుండు చిన్న గ్రంథుల రోగమని తేల్చెను. ఆ కుక్క బ్రదికినది. నేటికిని దినమునకు మాత్రలు మ్రింగుచు వాకిట తిరుగుచున్నది.

మా మిత్రుడు ఆ పిల్లను అమ్మినవానికి ఫోను చేసి, దీని తోడబుట్టినవాని క్షేమ మెట్లున్నదని అడిగెను. "మా వంశంలో ఇటువంటిది ఎన్నడూ లేదండి" అని ఒక్క వాక్యముతో సమాధానము ముగిసెను. ఈ సంభాషణ వినుచున్న మిత్రుని తల్లి, ఎనుబది యేండ్ల వృద్ధురాలు, మంచము మీదినుండి అన్నమాట నా చెవిలో నేటికిని మ్రోగుచున్నది: "పిల్లనిచ్చేటప్పుడు అటేడు తరాలు, ఇటేడు తరాలు అడుగుతం గద బిడ్డా. కుక్కకు అడగకపోతివా?"

వ్యాధి స్వరూపము

ప్రతి మూత్రపిండము చెంతను ఒక చిన్న గ్రంథి కలదు. దీనిని అధివృక్క గ్రంథి యందురు. వైద్యుల వాడుకలో అడ్రినల్ గ్రంథి. ఈ గ్రంథియొక్క పైపొర రెండు ముఖ్యమైన రసములను పుట్టించును. కార్టిసాల్ అనునది దేహమునకు కష్టకాలమున ధైర్యమిచ్చునది: ఆకలి, భయము, జబ్బు, ప్రయాణము, ఏది వచ్చినను తట్టుకొను శక్తి దానివలన కలుగును. ఆల్డోస్టిరోన్ అనునది ఉప్పును దేహమున నిలిపి, పొటాషియమును బయటికి పంపునది. ఈ రెండును లోపించినప్పుడు కలుగు వ్యాధిని 1855లో లండనునందలి గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ ఆడిసన్ మనుష్యులలో వర్ణించెను. ఆయన పేరనే అది ఆడిసన్ వ్యాధి యయ్యెను. అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీ ఈ రోగముతోనే అధికారము నెరపెను. కుక్కలలో దీనిని గూర్చిన తొలి వైద్యవృత్తాంతము 1953లో వెలువడినది.

దేహమును కాపాడవలసిన రక్షణబలమే త్రోవ తప్పి తన గ్రంథిని తాను శత్రువుగా భావించి నాశము చేయుటయే కుక్కలలో ఈ రోగమునకు సాధారణ కారణము. కోటను కాపాడవలసిన సైన్యమే కోటను కూల్చుట వంటిది. ఈ నాశము మెల్లగా సాగును. గ్రంథి పైపొరలో నూటికి ఎనుబదియైదు మొదలు తొంబది పాళ్లు నశించువరకు బయటికి గుర్తు కనబడదు. అటుపిమ్మట కనబడు గుర్తులైనను దీనికే ప్రత్యేకమైనవి కావు. వాంతి, విరేచనము, నీరసము, వణకు, బరువు తగ్గుట ఏ రోగమునకు లేవు? సెలైనులో ఉప్పు ఉన్నది గావున అది ఎక్కించిన కొలది రోగము తాత్కాలికముగా సర్దుకొనును. కుదిరినదని ఇంటికి తెచ్చుకొందురు. ఏదైన భయమో శ్రమయో కలిగినంతనే, దీపావళి టపాకాయలైన సరే, యజమాని ఊరికి పోవుటయైన సరే, మరల విరుచుకొని పడును. పిడుదుల జ్వరము సర్వసామాన్యమైన మన దేశమున వైద్యుని చూపు ముందుగా అటు పోవుట సహజము. పాశ్చాత్య వైద్యులు సైతము దీనికి "మహావేషధారి" అని పేరు పెట్టినారన్న, మన వైద్యులను మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు.

అయినను అనుమానము కలిగినచో నిర్ధారణ కష్టము కాదు. సోడియమునకును పొటాషియమునకును గల నిష్పత్తి ఇరువదియేడుకు తగ్గినచో అనుమానింపవలయును. విశ్రాంతిగా నున్నప్పుడు రక్తమున కార్టిసాల్ డెసీలీటరునకు 2 మైక్రోగ్రాములకు మించి యున్నచో ఈ వ్యాధి కాదని దాదాపుగా చెప్పవచ్చును. తగ్గియున్నచో, గ్రంథిని ప్రేరేపించు మందును సూదిద్వారా ఇచ్చి, గంట తరువాత మరల కొలుతురు. ఆరోగ్యవంతమైన గ్రంథి మేలుకొని రసమును విడుచును. నశించిన గ్రంథి పలుకదు. చికిత్సయు కలదు. లోపించిన రసములను మాత్రల రూపముననో, సుమారు నెల కొక సూదిగనో జీవితాంతము ఇచ్చినచో కుక్క తన ఆయుస్సు తాను బ్రదుకును. గుర్తింపబడక చచ్చుటయే దీనివలని అసలు విషాదము.

రక్తములో వచ్చునది

ఈ వ్యాధి ఏ కుక్కకైనను రావచ్చును. కులము గోత్రము లేని వీథికుక్కకును రావచ్చును. సామాన్యముగ కుక్కలలో ఇది వేయింట మూటికి మించదని అంచనాలు. కాని కొన్ని శుద్ధజాతులలో దీని వ్యాప్తి విపరీతము. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో ప్రకటించిన ఒక పరిశీలనలో 778 స్టాండర్డ్ పూడిల్ కుక్కలను చూడగా, నూటికి ఎనిమిదిన్నరకు పైగా రోగగ్రస్తములై యుండెను. ఆ జాతిలో రోగసంభావ్యత కుక్కకును కుక్కకును భేదించుటకు నూటికి డెబ్బదియైదు పాళ్లు వంశమే కారణమని వారు లెక్కగట్టిరి. బియర్డెడ్ కోలీ, పోర్చుగీసు నీటికుక్క, కెనడా దేశపు నోవా స్కోషియా డక్ టోలింగ్ రిట్రీవరు అనువానిలోను ఇదే కథ. గ్రేట్ డేన్, రాట్‌వైలర్ జాతులును ఈ రోగమునకు ఎక్కువగా లోబడునవని పశువైద్యుల అనుభవము.

ఇం దొక చిక్కు కలదు. దానిని గ్రహించినగాని సమస్యయొక్క లోతు తెలియదు. ఈ రోగము సామాన్యముగా నాలుగేండ్ల ప్రాయమున, నడివయసున బయటపడును. అప్పటికి, ప్రదర్శనలో బిరుదము గెలిచిన మగకుక్కకు ఎన్ని ఈతల సంతానము పుట్టియుండునో లెక్కింపుడు. తండ్రికి రోగము తెలియునప్పటికి బిడ్డలు వేరువేరు ఊళ్లలో, వేరువేరు ఇండ్లలో పెరుగుచుండును. వానిలో కొన్నియు తండ్రులై యుండును. అమ్మినవాడు "మా వంశమున లేదు" అన్నప్పుడు అబద్ధమే యాడియుండ నక్కరలేదు. అతనికి నిజముగనే తెలియకపోవచ్చును. అతనికి తెలుపువా డెవడు? వ్రాసి పెట్టువా డెవడు?

శుద్ధత ఎట్లు నిర్మింపబడినది

శుద్ధజాతి యనునది ప్రకృతి ఇచ్చినది కాదు. చాలవరకు ఇది పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్లేయుల కల్పన. 1873లో లండనున కెన్నెల్ క్లబ్ ఏర్పడినది. జాతి కొక పుస్తకము తెరచిరి. పుస్తకమున నమోదైన కుక్కలకు పుట్టినవే ఆ జాతివి. వెలుపలివానికి ప్రవేశము లేదు. తలుపు మూసిన ఇంటిలో గాలి యెట్లుండునో, మూసిన పుస్తకమున రక్తము నట్లే యగును. అందులోను అందరును ఒకే విజేతను తండ్రిగా కోరుదురు. కొన్ని తరములు గడచునప్పటికి, పత్రమున పేర్లు వేరైనను, రక్తము దాదాపు ఒక్కటే.

పోర్చుగీసు నీటికుక్క చరిత్రము దీనికి నిదర్శనము. అది సముద్రతీరపు జాలరుల కుక్క. వలలు లాగుటకు, పడవనుండి పడవకు వార్త చేర్చుటకు తోడ్పడెడిది. యంత్రపు పడవలు వచ్చి జాలరుల వృత్తి మారగా అది అంతరించు దశకు వచ్చెను. 1930 దశాబ్దమున వాస్కో బెన్సాడే యను సంపన్నుడు మిగిలినవానిలో కొన్నిటిని చేరదీసి జాతిని నిలిపెను. అయినను 1970 ప్రాంతమున ప్రపంచమందంతటను ఇవి యాబదికి లోపే యుండెనని చెప్పుదురు. అంత తక్కువ సంఖ్యనుండి మరల పెరిగి, 2009లో అమెరికా అధ్యక్షభవనమున ఒబామా కుటుంబము పెంచిన కుక్కగా లోకప్రసిద్ధి గాంచినది. రక్షించినవాని పుణ్యము పుణ్యమే. కాని ఆ కొలదిపాటి పూర్వీకులతో పాటు ఆడిసన్ వ్యాధి బీజమును తరలివచ్చినది. 2006లో పదునొకండు వేలకు పైగా కుక్కల వివరములను పరిశీలించిన పరిశోధకులు వానిలో నూటికి ఒకటిన్నర వంతు ఈ రోగమున పడినట్లు కనుగొనిరి.

పూడిల్ కథ మరియొక పాఠము చెప్పును. ఇరువదవ శతాబ్దము నడుమ కొలది విజేతల సంతానమే ఆ జాతియందంతటను వ్యాపించినదని 2015లో ప్రకటితమైన పరిశోధన చూపినది. రోగమునకు కారణమైన ఏక బీజమును వేరుపరచి, అది గల కుక్కలను మాత్రము తొలగింతమన్న, అది దొరకలేదు; రోగబీజములు అనేకములై జాతియందంతటను నిండియున్నవి. కెనడా రిట్రీవరులో, కూన ప్రాయమున వచ్చు ఒక ప్రత్యేకరూపమునకు మాత్రము బీజపరీక్ష లభించినది. కావున "రక్తపరీక్ష చేయించితిమి, మా కుక్కకు వంశరోగము రాదు" అని ఎవరైన చెప్పినచో, ఏ జాతికి, ఏ రోగమునకు, ఏ పరీక్ష యని అడిగి తెలిసికొనవలయును.

మన సంగతి

ఇది చదివి, విదేశీయుల మూఢత్వమని నవ్వుకొనుటకు మనకు హక్కు లేదు. సగోత్రమున వివాహము కూడదని శాసించుకొన్న జాతి మనది. మేనమామకును మేనకోడలికిని ముడివేసి, ఆస్తి ఇంటిలోనే నిలిచినదని సంతోషించు జాతియు మనదే. దగ్గరి రక్తమున కలుగు కీడు మన ఆసుపత్రులలో వైద్యులు దినదినమును చెప్పుచున్నారు. తెలివి మన కున్నది. దానిని అవసరమైనచోట వాడుట లేదు. గుఱ్ఱములకు శాలిహోత్రుని పేరను, ఏనుగులకు పాలకాప్యుని పేరను శాస్త్రములు వ్రాసికొన్న దేశము, ధర్మరాజును స్వర్గద్వారము వరకు వెంబడించిన జంతువు విషయమున ఒక ప్రశ్నయు అడుగకుండ, విదేశీపు బిరుదముల పట్టిక చూచి సొమ్ము చెల్లించుట వింత.

అట్లయిన స్వదేశీ కుక్కలనే పెంచుకొందము, చిక్కు తీరిపోవును అని కొందరందురు. ఈ భావము నాకు ప్రియమైనదే. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగమున ముధోల్, రాజపాలయము, చిప్పిపారై మొదలగు జాతులను ప్రశంసించినది మొదలు ఈ ఉత్సాహము హెచ్చినది. మన తెలుగునాటను కుక్కలు కలవు. కొల్లేటి ప్రాంతమున బాతుల మందలను కాచిన జోనంగి కలదు. ముడుతల నుదురు, మిక్కిలి పొట్టి వెండ్రుకలు గల వింతజాతి. కర్నూలు జిల్లా పందికోన గ్రామపు కుక్కలకు కీర్తి కలదు. వీనిని నిలుపుకొనుట మన ధర్మము.

కాని స్వదేశీ యన్నంతమాత్రమున రక్తము శుద్ధి కాదు. రాజపాలయమునే చూడుడు. తెల్లని మేనిఛాయకై తరతరముల ఎంపిక జరిగిన ఆ జాతియందు చెవుడు పుట్టుకతో వచ్చుట పేరుపడిన దోషము. జోనంగి యొక్క నేటి స్థితి పోర్చుగీసు నీటికుక్క నాటి స్థితికి మిక్కిలి దగ్గర. అదియు నీటిచెంత వృత్తికుక్కయే; ఇదియు అంతే. అచ్చట జాలరి వృత్తి మారినది. ఇచ్చట బాతుల కాపరి వృత్తి సన్నగిలినది. ఇప్పుడు ఉత్సాహవంతులు నలుగురు చేరి, అందమైన నాలుగు జోనంగులను ఎంచి, వానినే తిప్పి తిప్పి పుట్టించి, "ఇదే శుద్ధమైన జోనంగి" యని పుస్తకము మూసిరా, మన చేతులతో మనమే మరియొక పూడిల్ కథను ప్రారంభించిన వారమగుదుము. అప్పుడు వంశరోగమునకు స్వదేశీ ముద్ర మాత్రము క్రొత్తగా దొరకును.

చేయవలసినది

చట్టము లేకపోలేదు. కుక్కల పెంపకము, విక్రయములను గూర్చి 2017లో కేంద్రప్రభుత్వము నియమములను ప్రకటించినది. పెంపకందారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలియొద్ద నమోదు కావలెను. పదునెనిమిది నెలలు నిండని ఆడకుక్కను జత కూర్పరాదు. జీవితమున ఐదు ఈతలకు మించరాదు. మంచిదే. కాని కొనువాడు ప్రశ్నింపనిచో ఏ చట్టమైనను కాగితము మీదనే యుండును.

కావున మొదటి భారము కొనువానిది. పిల్ల ముఖము చూచి కరగుటకు ముందు, తల్లిదండ్రులు బ్రదికియున్నవా, వాని వయస్సెంత, తాతలు ఏ రోగమున చచ్చినవి, తోడబుట్టినవానిలో తమ దేహమును తామే నాశముచేసికొను రోగములు ఎన్నింటికి వచ్చినవి అని అడుగవలయును. సమాధానము చెప్పనివానియొద్ద కొనరాదు. రెండవ భారము పెంపకందారుది. రోగము కనబడిన కుక్కను, దానిని కన్న జంటను మరల వాడరాదు. ఒకే విజేతను ఊరికంతకు తండ్రిని చేయరాదు. నడివయసు దాటియు ఆరోగ్యముగా నున్న మగకుక్క, రెండేండ్ల విజేతకంటె ఉత్తమమైన తండ్రి. తాము అమ్మిన పిల్లలు ఏమైనవో ఏటేట విచారించి వ్రాసికొనవలయును. చెడువార్త వచ్చినప్పుడు దాచక, ఆ తోడబుట్టినవాని యజమానులకు తెలుపవలయును. ఆ ఒక్క ఫోను ఎన్ని ప్రాణములను నిలుపునో బౌరంపేట్ అనుభవము చెప్పుచున్నది. ముందుగా తెలిసినవాడు మొదటి వాంతికే సరియైన పరీక్ష అడుగును.

మూడవ భారము విజ్ఞానసంస్థలది. రాజేంద్రనగరున 1946నుండి పశువైద్య కళాశాల కలదు. నేడు అది పి.వి. నరసింహారావు పేరిట వెలసిన విశ్వవిద్యాలయమున భాగము. జీవకణ పరిశోధనకు ఖ్యాతి గాంచిన సి.సి.ఎం.బి. ఇదే నగరమున నున్నది. బౌరంపేట్‌నుండి కొలదిదూరమున శామీర్‌పేట చెంత జీనోమ్ వ్యాలీ పేరిట పరిశ్రమలు వెలసినవి. ఇన్ని దీపములున్న యింట ఒక మూల చీకటి యుండనేల? కుక్కల వంశరోగములను నమోదుచేయు బహిరంగమైన పట్టిక యొకటి ఇచ్చట ఆరంభింపవచ్చును. కర్ణాటకమున ముధోల్ తాలూకా తిమ్మాపురములో ముధోల్ జాతికై శునక పరిశోధన కేంద్రము నడపుచున్నారు. జోనంగికిని, పందికోన కుక్కకును అట్టి కేంద్రములు తెలుగునాట ఏర్పడవలయును. అవి ఏర్పడునప్పుడు, అందచందములు కొలుచుటకంటె ముందు, ఎన్ని వేరువేరు వంశములు మిగిలియున్నవో లెక్కింపవలయును. ఆ వైవిధ్యమును కాపాడుటయే నిజమైన జాతిరక్షణ.

తనకు ఏ రక్తము కావలెనో కుక్క ఎంచుకొనలేదు. ఎంచినవారు మనుష్యులు, ప్రదర్శనలో చప్పట్లు కొట్టినవారు మనుష్యులు, దాని కాగితమున బిరుదములను వ్రాసి, రోగములను విడిచినవారును మనుష్యులే. అది మాత్రము ఏ పత్రమును చదువక మన వాకిట పడియుండి, మనలను నమ్మి, మన అడుగుల సవ్వడికి తోక నాడించును. ఆ నమ్మకమునకు బదులుగా దాని వంశావళి పత్రమున మరియొక్క వరుస చేర్చుట అసాధ్యమైన కార్యము కాదు. ఎవరు ఏ బిరుదము గెలిచిరన్న దాని ప్రక్కనే, ఎవరు ఏ జబ్బున పోయిరను వరుస. ఏడుతరము లడుగుట ఆ వృద్ధమాత కెవరును నేర్పలేదు. చదువుకొన్న మనకు నేర్పవలసివచ్చినదన్న, అది మనకు గౌరవము కాదు.